బాత్రూమ్ జాగల రాయి

ఆ ఆదివారం పొద్దున మల్లేశ్వర్ పెట్టుకున్న పని ఒక్కటే. మేస్త్రీ కిష్టప్ప గడ్డపార పట్టుకుని రాగానే గేటు పక్కన వేపచెట్టు మూలకు బాత్రూమ్ పునాది తీయించాలి. కిష్టప్ప ముందు రోజు సాయంత్రమే వచ్చి సున్నంతో నలుపలకలుగా గీతలు పోసి, మూలలకు మేకులు కొట్టి, దారం కట్టి పోయాడు. తాండూరులో ఆ ఇల్లు కట్టుకున్న నాటి నుంచి ఏ పనీ ఇంత పద్ధతిగా మొదలు కాలేదు.

ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే బాత్రూమ్, అదీ పెరట్లో. పొద్దున పూట దానికోసం నలుగురు కాచుకునేవారు. మల్లేశ్వర్ బిడ్డ రుచిత వికారాబాదులో డిగ్రీ చదువుతోంది, రైలు అందుకోవాలి. మల్లేశ్వర్‌ది నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో సూపర్‌వైజరు పని, డ్యూటీకి పోవాలి. అతని తల్లి మొగులమ్మకు ఎక్కడికీ పోయేది లేదు గానీ, అందరికంటే ముందు లోపలికి వెళ్లేది ఆమే, అందరికంటే నిమ్మళంగా బయటికి వచ్చేదీ ఆమే. చివరికి మిగిలేది మల్లేశ్వర్ భార్య నిరోషా, అడుగున మిగిలిన చల్లనీళ్లూ.

కొత్త బాత్రూమ్ కావాలని నిరోషా పట్టుపట్టింది. పెరట్లో జాగ లేదు. మేడ మీద కడితే మొగులమ్మ మెట్లెక్కలేదు. మిగిలింది గేటు మూల. ఆ మాట వినగానే మొగులమ్మ ముఖం తిప్పుకుంది.

"ఇంటికి వాకిలంటె మనిషికి మొఖం లెక్క. మొఖం మీద ఎవలన్న బాత్రూమ్ కట్టుకుంటరా?" అంది.

"మొఖం కడుక్కునెతందుకే గదత్తమ్మా," అంది నిరోషా. మాట అక్కడితో ఆగింది గానీ, తగవు ఆగలేదు.

ఇంత తిప్పల తర్వాత కుదిరిన ఆదివారం నాడు మల్లేశ్వర్ గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడితే, మెడ మీద నీటి పొక్కులు కనిపించాయి. అంగీ విప్పితే వీపంతా అవే. మొగులమ్మ కొడుకును ఎగాదిగా చూసి, చేతులు జోడించింది.

"తల్లి పోసింది కొడుకా."

డాక్టరు కూడా అదే చెప్పాడు గానీ ఇంగ్లీషులో చెప్పాడు. చికెన్ పాక్స్. పొక్కులు ఎండి రాలేదాకా ఒక గదిలో విడిగా ఉండాలి. మొగులమ్మకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి ఆమెకు భయం లేదు. నిరోషాకు, రుచితకు రాలేదు. పైగా రుచితకు పరీక్షలు. తల్లీబిడ్డలు బట్టలు సర్దుకుని వికారాబాదులోని నిరోషా పుట్టింటికి బయలుదేరారు.

పోతూపోతూ నిరోషా గేటు దగ్గర ఆగి కిటికీ వైపు చూసింది. "నువ్వు గదిల ఉన్నా మేస్త్రీ బయటనే ఉంటడు గద. ఫోన్‌ల చెప్పి కట్టియ్యి. బాత్రూమ్ తయారైనంకనే నేనీ గడప తొక్కేది. మా అమ్మగారింట్ల రెండున్నయ్. నాకేం తొందర లేదు."

ఆమె చెప్పులు వేసుకున్న తీరును బట్టి అది ఉత్త మాట కాదని మల్లేశ్వర్‌కు అర్థమైంది.

ఆటో మలుపు తిరిగిందో లేదో కిష్టప్ప గడ్డపారతో వచ్చాడు. మొగులమ్మ వేపమండ పట్టుకుని గేటుకు అడ్డం నిలబడింది.

"ఇంట్ల తల్లి ఉన్నది. తల్లి ఉన్నప్పుడు భూమిల గడ్డపార దింపుతరా?"

"హౌదవ్వా, హౌదు," అన్నాడు కిష్టప్ప. కర్ణాటక సరిహద్దు ఊరివాడు, భయభక్తులు రెండు భాషల్లోనూ ఉన్నవాడు. గడ్డపారను భుజాన వేసుకుని, సున్నపు గీతలను తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

అట్లా మల్లేశ్వర్ ముందరి గదిలో ఒంటరివాడయ్యాడు. మంచం మీద వేపాకు. తలుపు సందులోంచి వచ్చే పెరుగన్నం. అమ్మతల్లి ఇంట్లో ఉంది కాబట్టి పోపు లేదు, కూర లేదు, నూనె వాసన అసలే లేదు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ సున్నపు గీతలు. చూసినప్పుడల్లా దురద ఎక్కువయ్యేది. ఉండబట్టలేక యూనిట్‌కు ఫోన్ చేసి ఏ లారీలో ఏ బండలు ఎక్కాయని అడిగేవాడు. మొదట్లో వాళ్లు చెప్పేవారు. తర్వాత్తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. నిరోషా మాత్రం రోజూ పొద్దున వీడియో కాల్ చేసేది. "జర కెమెరా గేటు దిక్కు తిప్పు," అనేది. అతను తిప్పేవాడు. అక్కడ గీతలే ఉండేవి. ఆ తర్వాత మాటలు ఆమెవి, చెవులు ఇతనివి.

తండ్రి పరేషాన్ చూసి రుచితే ఉపాయం చెప్పింది. ఆమె కాలేజీలో ఎవరో మేడమ్ వచ్చి, ఒంటరిగా ఉన్నప్పుడు మనసును ఎట్లా నిమ్మళంగా ఉంచుకోవాలో చెప్పిందట.

"ఊకె ఫికర్ చేస్తె పొక్కులు మానవు డాడీ. చేతులకు పని చెప్పాలె. మైండ్ దానంతటదే చల్లవడ్తది."

మొదట ఊపిరి పీల్చి వదలమంది. మల్లేశ్వర్ కళ్లు మూసుకుని బుస్సుమని వదులుతుంటే, మొగులమ్మ తలుపు అవతల విని, జ్వరం ఎక్కువైందని ఇంకో కట్ట వేపాకు తెచ్చి పడేసింది. తర్వాత పాత పాటలు కూనిరాగం తీయమంది. ఎదురింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు. చివరికి, "రాయి మీద పెయింటింగ్ వెయ్ డాడీ. మన తాండూర్ల రాళ్లకు కరువా?" అంది.

ఆ మాట మల్లేశ్వర్‌కు నచ్చింది. రాయి అతనికి తెలిసిన వస్తువు. తలుపుకు అడ్డుగా పెట్టిన నాపరాయి ముక్క ఒకటి గదిలోనే ఉంది. యూనిట్‌లో కట్టర్ జారి పై అంచు గుండ్రంగా తెగిపోతే, పనికిరాదని ఇంటికి తెచ్చుకున్నది. మొగులమ్మను అడిగితే మెట్ల కింద మిగిలిపోయిన రంగులు తెచ్చిచ్చింది. వంటింటి గోడకు వేయగా మిగిలిన పసుపుపచ్చ, గడపలకు పూసిన ఎర్రరంగు, గేటుకు వేసిన నలుపు, ఇంత సున్నం.

ఏం వేయాలో తోచక పసుపుపచ్చ పూసి కూర్చున్నాడు. అదే సమయానికి నిరోషా వీడియో కాల్ వచ్చింది. మల్లేశ్వర్ ఫోన్‌ను చెంబుకు ఆనించి, కెమెరా గోడ వైపు తిప్పి, ఆమె గొంతు వినిపించకుండా నొక్కేశాడు. తెర మీద భార్య ముఖం. చూస్తూ చూస్తూ వేయడం మొదలుపెట్టాడు. కోపం మీద ఉంది కాబట్టి కళ్లు పెద్దవిగా పడ్డాయి. కనుబొమలు నుదుటి పైకి పోయాయి. బొట్టు ఎర్రగా, గుండ్రంగా కుదిరింది. ఎడమ ముక్కుకు పుల్ల. గదువ మీద, పెదవి కింద, నల్లటి మచ్చ. మాట మధ్యలో ఉంది కాబట్టి నోరు తెరిచే ఉంది.

బొమ్మ పూర్తయ్యేసరికి ఆమె ఎప్పుడో ఫోన్ పెట్టేసింది. అంతసేపూ తాను ఒక్కసారి కూడా గోక్కోలేదని మల్లేశ్వర్‌కు అప్పుడు తట్టింది. ఒంట్లో ఏదో ముడి విప్పినట్టుంది. ఫోటో తీసి బిడ్డకు పంపాడు.

"సూపర్ డాడీ. అచ్చం మమ్మీనే," అంది రుచిత. వెంటనే, "మమ్మీకి మాత్రం చూపెట్టకు," అంది.

"ఎందుకు?"

"కండ్లు చూడు ఒకపారి."

రంగు వాసనకు మొగులమ్మ ముక్కు మూసుకుంది. తల్లి ఉన్న ఇంట్లో ఆ కంపేంది, బయట పెట్టమంది. తెల్లారేసరికి వీధిలో ఎవరూ లేనిది చూసి మల్లేశ్వర్ మెల్లగా వాకిట్లోకి వచ్చాడు. పొద్దుటి ఎండ మొదట పడేది వేపచెట్టు మొదట్లోనే. సున్నపు గీతల లోపల, చెట్టు మొదలుకు రాయిని ఆనించి, తిరిగి వచ్చి పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆదమరిచి నిద్రపోయాడు.

మొగులమ్మ రోజూ చేసేదే ఆ పొద్దునా చేసింది. కొడుకు పక్క కింది పాత వేపాకు తెచ్చి చెట్టు మొదట్లో పోసింది. తల్లి చల్లబడాలని విస్తరాకులో ఇంత పెరుగన్నం పెట్టింది. అక్కడున్న రాయిని ఒకసారి చూసింది. కోడలి ముఖం గుర్తుపట్టడానికి ఆమెకు అద్దాలు అక్కరలేదు. రాయిని అక్కడే వదిలి లోపలికి పోయింది.

ఎదురింటి అరుణాదేవి వాకిలి చల్లడానికి బయటికి వచ్చింది. ఆమె భర్త ఈశ్వరయ్య కిరాణా కొట్టు సేటు, వీధిలో ఏ చందా ఎత్తినా ముందుండే మనిషి. అరుణాదేవి చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. మల్లేశ్వర్ ఇంట్లో తల్లి పోసిందని వీధి మొత్తానికి తెలుసు. వేపచెట్టు కింద పసుపు ముఖం, ఎర్రబొట్టు, పెద్ద కళ్లు. చుట్టూ తెల్లటి ముగ్గు. ముందు వేపాకు, పెరుగన్నం. నిన్న లేనిది ఇవాళ ఉంది. దీన్ని చూసి బాత్రూమ్ అని ఎవరనుకుంటారు?

టెంకాయ పగిలిన చప్పుడుకు మల్లేశ్వర్ లేచాడు. కిటికీ తీసి చూస్తే అరుణాదేవి హారతి తిప్పుతోంది.

"వదినా, అది తల్లి కాదు. నేను ఏసిన బొమ్మ. మా వంటింటి గోడ రంగు అది."

అరుణాదేవి పొక్కులున్న ఆ ముఖాన్ని చూసి దానికీ ఒక దండం పెట్టింది. "గుళ్లె విగ్రహం గూడ ఎవలో ఒకలు చెక్కిందే గద తమ్మీ. నీ చేతులతోని చేయించుకున్నది. నీది అదృష్టం."

"అట్ల గాదు వదినా, అది ఎవరి మొఖమంటె..." అని మల్లేశ్వర్ ఆగిపోయాడు. ఆ మాట వాకిలి దాటితే, తాండూరు నుంచి వికారాబాదుకు ఏ రైలు కంటే ముందు చేరుతుందో అతనికి తెలుసు. కిటికీ వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి వీధిలో ఆడవాళ్లంతా వచ్చిపోయారు. సాయంత్రం ఒక పిల్లకు జ్వరం తగ్గింది. అది పొద్దున వేసిన మాత్రకు తగ్గిందని పిల్ల తండ్రి అన్నాడు గానీ, ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. మర్నాటికి ఈశ్వరయ్య షామియానా వేయించాడు. ఆటోవాళ్లు నిమ్మకాయల దండ తెచ్చారు. మల్లేశ్వర్ పనిచేసే యూనిట్ వాళ్లే వచ్చి, రాయి కింద పాలిష్ బండతో గద్దె కట్టి, కిటికీ దగ్గరికొచ్చి, "సార్, మన రాయే సార్," అని గర్వంగా చెప్పిపోయారు. అతని ఫోన్ ఎత్తనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. డప్పులు వచ్చాయి. మైకు వచ్చింది.

మల్లేశ్వర్ తలుపు సందులోంచి మొగులమ్మను బతిమాలాడు. "అవ్వా, నువ్వన్న చెప్పు. నువ్వు చెప్తె ఇంటరు."

"నేనెందుకు చెప్త కొడుకా? మొక్కెటోళ్లను మొక్కద్దంటె పాపం." పెరుగన్నం గిన్నె లోపలికి తోసి, నెమ్మదిగా అంది. "ఇగ గాడ బాత్రూమ్ ఎట్ల కడ్తరో కట్టుండ్రి."

మనసును నిమ్మళంగా ఉంచుకోవడం ఆ ఇంట్లో ఎవరికి తెలుసో మల్లేశ్వర్‌కు ఆనాడే అర్థమైంది.

అంతలో నిరోషా కాల్ వచ్చింది. అతను కెమెరాను ఇంటి కప్పు వైపు తిప్పాడు.

"పని ఏడిదాక వచ్చింది?"

"నడుస్తున్నది. మస్తు మంది ఉన్నరు." అది అబద్ధం కాదు.

"వినవడ్తున్నది. గంతమంది కూలోళ్లా?" అంది నిరోషా. "గా చప్పుడేంది?"

డప్పులు జోరందుకున్నాయి. "మిల్లర్ తిరుగుతున్నది," అన్నాడు మల్లేశ్వర్.

"ఒక్క బాత్రూమ్‌కు సిమెంటు మిల్లరా?"

"గట్టిగుంటదని."

ఆ గట్టిదనం చూద్దామని నిరోషా మర్నాడు పొద్దున రైలెక్కింది.

కిటికీలోంచి ఆమె ఆటో దిగడం చూసి మల్లేశ్వర్ మంచం కోడు పట్టుకున్నాడు. ఆమె గేటు దగ్గరికి రాగానే ఎవరో అడ్డం వచ్చారు.

"చెప్పులు ఇడువమ్మా. గట్ల మధ్యల రావద్దు, లైన్ల రా."

"గిది మా ఇల్లు."

"తల్లి ముంగట అందరొకటే అమ్మా."

నిరోషా తన ఇంటికి తానే వరుసలో నిలబడింది. కాసేపటికి ఆమె వంతు వచ్చింది. ఎవరో చేతిలో ప్రసాదం పెట్టారు. తలెత్తి చూసింది. గద్దె మీద పసుపు ముఖం, పైకి పోయిన కనుబొమలు, ఎడమ ముక్కుపుల్ల. ఆమె చేయి మెల్లగా తన గదువ మీది మచ్చ దగ్గరికి పోయింది. పక్కనే ఉన్న అరుణాదేవి ఆమెను చూసింది, రాయిని చూసింది, మళ్లీ ఆమెను చూసింది. చూపు ఒకరి నుంచి ఒకరికి పాకింది. డప్పు ఆగింది. వరుస తనంతట తానే రెండడుగులు వెనక్కి జరిగింది.

"తల్లి పోలికలు ఉన్నయి నీకు," అంది అరుణాదేవి గొంతు తగ్గించి.

నిరోషా కిటికీ వైపు చూసింది. తెర కదిలింది. ఆమె అరవలేదు. కళ్లు మాత్రం అచ్చం రాయి మీది కళ్లలా అయ్యాయి. ఆ కళ్లతోనే గుంపును ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"అందరు తానాలు చేసే వచ్చిండ్రా?" అని అడిగింది.

ఒకరు నల్లా రాలేదన్నారు. ఒకరు ఇంట్లో పదిమందికి ఒక్కటే బాత్రూమ్ అన్నారు. ఆటో డ్రైవరు ఒకతను మెల్లగా వెనక వరుసలోకి తప్పుకున్నాడు.

"తానం లేకుండ తల్లి దగ్గరికి వస్తరు. షామియానా ఏసిండ్రు, మైకు పెట్టిండ్రు. నీళ్లు పోసుకునెతందుకు జాగ చూడాలని ఒక్కలకన్న తోచిందా?"

ఈశ్వరయ్య కండువా సర్దుకున్నాడు. వీధి పరువు పోయే చోట ఆయన ఆలస్యం చేయడు. "మాట నిజమే. గిక్కడ్నే ఒక బాత్రూమ్ కట్టిద్దాం. ట్యాంకు నేనిస్త." యూనిట్ వాళ్లు బండలన్నారు. ఆటోవాళ్లు ఇసుక మోస్తామన్నారు. కిష్టప్ప టెంకాయ చేతబట్టుకుని అక్కడే ఉన్నాడు. కానీ అతనికి ఒక సందేహం వచ్చి మొగులమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, మరి తల్లి ఉన్నప్పుడు గడ్డపార దింపొద్దంటివి?"

అందరూ మొగులమ్మను చూశారు. తాను పెట్టిన అడ్డం తనకే అడ్డం వచ్చింది. ఆమె కోడలిని చూసింది, రాయిని చూసింది. "తల్లి పనికి తల్లి అడ్డం రాదు," అంది చివరికి. తర్వాత కిష్టప్పను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. కిష్టప్ప తలూపాడు. అది మల్లేశ్వర్ కిటికీలోంచి చూశాడు గానీ, అప్పటికి అతను ప్రాణం లేచి వచ్చిన సంతోషంలో ఉన్నాడు.

నిరోషా పోతూ కిష్టప్పకు ఇంకో మాట చెప్పింది. "తలుపు కోసం వడ్లాయన చుట్టు తిరగకు. మా పెరట్ల పాత బాత్రూమ్ తలుపు, నల్లాలు పీకి దీనికే పెట్టు. ఇగ మేమెవలం దాంట్లకు పోము." తర్వాత గేటు దగ్గరి నుంచే మొగుడికి ఫోన్ చేసింది. మల్లేశ్వర్ తెర వెనక నుంచే ఎత్తాడు.

"నా గదువ మీది మచ్చ గంత పెద్దగుంటదా?" అని అడిగి, జవాబు వినకుండా పెట్టేసి, సాయంత్రం రైలుకు వికారాబాద్ వెళ్లిపోయింది.

ఆ తర్వాతి రోజులు మల్లేశ్వర్ జీవితంలోకెల్లా ప్రశాంతమైనవి. గద్దె వెనక గోడలు లేవడం కిటికీలోంచి చూస్తూ పడుకునేవాడు. రంగులు మిగిలాయి గానీ మళ్లీ బొమ్మ జోలికి పోలేదు. గోడ మీద గోడ లేచింది, కప్పు పడింది, ట్యాంకు ఎక్కింది. అతని కిటికీ వైపు నున్నగా సిమెంటు పూశారు. పొక్కులు ఎండి రాలాయి. బాత్రూమ్ తయారైందని ఫోన్ చేస్తే, నిరోషా మర్నాడు తెల్లవారుజామునే దిగింది. చివరి పరీక్ష ఉందని రుచిత వికారాబాద్‌లోనే ఉండిపోయింది.

అదే రోజు మల్లేశ్వర్‌కు పొక్కులు రాలాక పోసే తొలి నీళ్లు. మొగులమ్మ వేపాకు వేసి కాచిన బకెట్ చూపించి, "పో కొడుకా, కొత్తదాంట్లనే పోసుకో," అంది. మల్లేశ్వర్ తువాలు భుజాన వేసుకుని, ఒక చేత బకెట్, ఒక చేత మగ్గుతో వాకిట్లోకి వచ్చాడు. గోడ దగ్గరికి పోయి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తలుపు లేదు.

"అవ్వా, తలుపేది?"

"వీధి దిక్కున్నది. నేనే చెప్పిన కిష్టప్పకు."

"మన ఇంటి బాత్రూమ్‌కు వీధి దిక్కు తలుపేందవ్వా?"

"మన ఇంటి ముంగట బాత్రూమ్ ఏడున్నది?" అంది మొగులమ్మ. "అది తల్లి బాత్రూమ్. వచ్చేటోళ్లకు అందద్దా?"

పెరట్లోకి పోదామంటే అక్కడ పాతదానికి తలుపూ లేదు, నల్లాలూ లేవు. మల్లేశ్వర్ బకెట్ ఎత్తుకుని గేటు దాటి వీధిలోకి తిరిగాడు. ఈశ్వరయ్య కట్టించిన తాడుకు ఈ పక్కన ఆడవాళ్లు, ఆ పక్కన మగవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. ఆడవాళ్ల వరుసలో అరుణాదేవి వెనకాల, సబ్బుపెట్టె పట్టుకుని నిరోషా నిలబడి ఉంది. తల్లి పోలికలున్నాయని ముందుకు రమ్మన్నారట గానీ, తల్లి ముందు అందరూ ఒకటేనని వెనకున్నవాళ్లు ఒప్పుకోలేదట. ఆమె మొగుడిని చూసింది. కళ్లు మళ్లీ పెద్దవయ్యాయి.

మల్లేశ్వర్ మగవాళ్ల వరుస చివర బకెట్ దించాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. రుచిత.

"డాడీ, పొక్కులు పోయినయంట గద. మనసు ఇప్పుడెట్లున్నది, నిమ్మళమైందా?"

మల్లేశ్వర్ బకెట్‌ను ఒక అడుగు ముందుకు జరిపి, "నా వంతు ఇంక రాలేదు బిడ్డా," అన్నాడు.